వడ్రంగి బల్ల

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ ప్రాక్టీస్ అని ఒక లాబ్ ఉండేది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫిట్టింగ్, స్మితీ, ఫౌండ్రీ, కార్పెంట్రీ. కాకీ చొక్కాలు, చేతిలో ఆకురాయి, సాయంత్రానికి అరచేతుల నిండా బొబ్బలు. కార్పెంట్రీలో మాకిచ్చిన మొదటి పని రెండు చెక్కల్ని టీ ఆకారంలో అతకడం. అందరికీ బెరుకు, నాకు మాత్రం ధీమా. మా నాన్న వడ్రంగి మరి. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో సగం ఇళ్ళ ద్వారబంధాలు ఆయన చేసినవే.

లాబ్‌లో నడుమెత్తు బల్లలు, వాటికి బిగించిన ఇనప వైసులు. నేను అలవాటు కొద్దీ చెక్క పట్టుకుని కింద చతికిలబడి, కాలితో తొక్కిపట్టి రంపం ఆడించడం మొదలుపెట్టాను. ఇన్‌స్ట్రక్టర్ గారు వచ్చి, "ఇదేమన్నా మీ ఊరి వడ్రంగి కొట్టం అనుకున్నావా? లేచి బల్ల దగ్గర నిలబడు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నిలబడ్డాక నాకు చెయ్యి తిరగలేదు. రంపం పక్కకి పోయింది, చిత్రిక ఎగిరి పడింది. పదికి నాలుగు మార్కులు. అది 1997. ఇంటికి వెళ్ళాక నాన్నకి ఆ సంగతి చెప్పలేదు.

పాతికేళ్ళ తర్వాత, నార్త్ కరోలినాలో మా ఇంటి గరాజ్‌లో అలాంటి బల్ల ఒకటి నేనే కట్టుకున్నాను. కట్టే ముందు, ప్రోగ్రామర్ల జబ్బు ఎక్కడికి పోతుంది, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తిరగేశాను. ఒక చెక్క బల్లకి ఇంత చరిత్ర ఉంటుందని నేననుకోలేదు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. కొయ్యపని చెయ్యడానికి బల్ల తప్పనిసరి కాదు. ఈజిప్టులో, ఇప్పటికి దాదాపు మూడున్నర వేల ఏళ్ళ కిందట రెఖ్మిరె అనే మంత్రి కోసం తొలిచిన సమాధి గోడల మీద వడ్రంగులు పనిచేస్తున్న బొమ్మలున్నాయి. ఒకాయన దుంగని నిలువుగా ఒక గుంజకి కట్టేసి పైనుంచి కిందకి కోస్తున్నాడు. మిగతావాళ్ళు చిన్న పీటల మీదో నేల మీదో కూర్చున్నారు. బల్ల ఎక్కడా లేదు. ఆ సరంజామాతో వాళ్ళు చేసిన కుర్చీలు, పెట్టెలు కైరో మ్యూజియంలో ఈనాటికీ నిలిచే ఉన్నాయి. జపాను వాళ్ళు ఏటవాలుగా వేసిన ఒక దూలం మీద చిత్రికని తమ వైపుకి లాగుతూ పనిచేశారు. మన దగ్గర నేలే బల్ల. మా నాన్న కూర్చుంటే ఎడమ పాదం చెక్క మీద, కుడి పాదం దాని పక్కన, బొటనవేలు చెక్క అంచుకి ఆనించి ఉండేది. చెక్క ఎంత కదిలితే వేలు అంత బిగిసేది. ఎదురుగా నేలలో దిగ్గొట్టిన మేకో, గోడో చెక్క జారిపోకుండా ఆపేది. పెద్ద చిత్రిక అయితే దానికి తాడు కట్టి అవతలి నుంచి ఇంకొకరు లాగేవారు. ఆ తాడు ఉద్యోగం చాలా ఏళ్ళు నాదే.

ఇనప వైసు చేసే పనంతా ఆ రెండు పాదాలే చేసేవి. పని మారినప్పుడల్లా వైసు విప్పి బిగించే బాధ లేదు. ఇది వెనకబాటుతనం అనుకునేవాళ్ళు ఒక్క గంట అలా కూర్చుని తలుపు చెక్క ఒకటి చిత్రిక పట్టి చూడాలి. పోనీ ఇందులో ఖర్చేమీ లేదా అంటే ఉంది. అది మోకాళ్ళు కడతాయి. దాని సంగతి తర్వాత.

మరి బల్ల ఎందుకొచ్చింది? నాకు తోచిన కారణం చిత్రిక. బాడిసతో చెక్కేటప్పుడు దెబ్బ పైనుంచి పడుతుంది, నేల దాన్ని తట్టుకుంటుంది. చిత్రికని ముందుకి తోసేటప్పుడు మాత్రం బలమంతా అడ్డంగా పోతుంది. చెక్కని ఎదురుగా ఆపేది ఏదో కావాలి. రోమన్లకి చిత్రిక బాగా తెలుసు, పాంపే శిథిలాల్లో దొరికింది కూడా. వాళ్ళకి బల్లా ఉంది. క్రీస్తు శకం 79లో వెసూవియస్ బూడిద కింద మునిగిన హెర్క్యులేనియం పట్టణంలో దొరికిన ఒక గోడచిత్రంలో రెక్కల పిల్లలిద్దరు పలక కోస్తుంటారు. పలక ఉన్నది పొడుగాటి, పొట్టి బల్ల మీద. దాన్ని కదలకుండా అదిమిపట్టింది ఒక వంపు తిరిగిన ఇనప కడ్డీ. జర్మనీలో సాల్‌బుర్గ్ అనే రోమన్ కోటలోని బావుల్లో ఇలాంటి బల్లలే నిజంగా బయటపడ్డాయి. తడిలో ఉండబట్టి కుళ్ళలేదు. అవి మోకాలెత్తు బల్లలు. ఒకే మందపాటి పలక, దానికి నాలుగు బెజ్జాలు, వాటిలో బయటికి వాలేట్టు దిగ్గొట్టిన నాలుగు కాళ్ళు. జిగురు లేదు, మేకు లేదు. గుర్రం ఎక్కినట్టు దాని మీద కూర్చోవచ్చు, మోకాలితో చెక్కని తొక్కిపట్టవచ్చు. అంటే నేలకీ నడుమెత్తు బల్లకీ మధ్య మెట్టు అది.

ఆ కడ్డీ గురించి రెండు మాటలు. దీన్ని ఇంగ్లీషువాళ్ళు హోల్డ్‌ఫాస్ట్ అంటారు. ఏడు అంకెలాంటి ఇనప ముక్క. బల్లలో ఉన్న బెజ్జంలోకి దాని కాడ వదులుగా దూరుతుంది. పైన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే కాడ బెజ్జంలో అడ్డంగా ఇరుక్కుని కింది చెక్కని అదిమేస్తుంది. వెనకనుంచి ఇంకో దెబ్బ వేస్తే ఊడిపోతుంది. మరలు లేవు, స్ప్రింగులు లేవు. రెండు వేల ఏళ్ళుగా దాన్ని మెరుగుపరచాల్సిన అవసరం ఎవరికీ పెద్దగా కనపడలేదు. మా రంగంలో రెండేళ్ళు నిలిచిన వెర్షన్ చెప్పండి చూద్దాం.

మరబోల్టుతో బిగించే కొయ్య వైసులు బొమ్మల్లో కనపడేది 1505 నాటికి. న్యూరెంబర్గ్‌లో మార్టిన్ లోఫెల్‌హోల్ట్స్ అనే ఆయన తయారు చేయించిన చిత్రాల పుస్తకంలో ఉన్నాయి. బల్ల అప్పటికి నడుమెత్తుకి లేచింది. అయితే ఈ బల్ల గురించి పూర్తిగా, పనివాడిగా రాసిన మనిషి కోసం ఇంకా రెండున్నర వందల ఏళ్ళు ఆగాలి.

ఆయన పేరు ఆంద్రె జాకబ్ రూబో. పారిస్‌లో 1739లో పుట్టాడు. తాతా తండ్రీ కొయ్యపనివాళ్ళే, తనూ అదే పని. అయితే బ్లోందెల్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ ఈ కుర్రాడి ఆసక్తి చూసి గణితం, డ్రాయింగ్ నేర్పించాడు. 1769 నుంచి కొన్నేళ్ళ పాటు రూబో కొయ్యపని కళ మీద పెద్ద పెద్ద సంపుటాలు తెచ్చాడు. ప్రచురించింది ఫ్రెంచి సైన్సు అకాడెమీ. పనివాడే రాసి, బొమ్మలూ తనే గీసుకున్న పుస్తకం అది. మన దగ్గర వడ్రంగి విద్య నోటి నుంచి చెవికి, చేతి నుంచి చేతికి పోయింది. మా నాన్న తరం వాళ్ళు ఎవరైనా కాగితం మీద పెట్టి ఉంటే ఎలా ఉండేదోనని ఈ పుస్తకం చూసినప్పుడల్లా అనిపిస్తుంది. పారిస్‌లో ధాన్యపు మార్కెట్ మీద 1783లో పూర్తయిన మహా కొయ్య గుమ్మటం కట్టడంలో కూడా రూబో చెయ్యి ఉంది. అది 1802లో తగలబడిపోయింది. పుస్తకం మాత్రం మిగిలింది.

రూబో బల్లకి అయిదారు అంగుళాల మందం ఒకే పలక, బీచ్ లేదా ఎల్మ్. కాళ్ళు ఓక్. కాళ్ళ పై కొసల్ని నాలుకల్లా మలిచి పలకలో తొలిచిన గుంటల్లోకి కింద నుంచి పైకంటా దూర్చడం. కాళ్ళ ముందు ముఖం, బల్ల అంచు ఒకే మట్టంలో ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఆయన తెలివంతా కనపడుతుంది. ఎందుకంటే పొడుగు తలుపు చెక్కని అంచు పైకి వచ్చేట్టు నిలబెట్టి చిత్రిక పట్టాలంటే బల్ల అంచుకీ కాలికీ రెండింటికీ ఆనాలి. మనం ఫర్నిచర్ షాపులో కొనే బల్లల్లో పలక నాలుగంగుళాలు ముందుకి పొడుచుకొస్తుంది, అందంగానే ఉంటుంది, చెక్కని ఆనించే దారి ఉండదు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండులో పీటర్ నికల్సన్ 1812లో అచ్చువేసిన పుస్తకంలో సన్న పలకలతో, ముందు వెడల్పాటి అడ్డపట్టీతో చౌక బల్ల కనపడుతుంది. అమెరికాలో షేకర్లు సొరుగులతో కలిపి గదంత బల్లలు కట్టారు. తర్వాత యంత్రాలొచ్చాయి, ప్లైవుడ్ వచ్చింది, బల్ల మీద పని తగ్గింది. 1960లలో రాన్ హిక్‌మన్ అనే లోటస్ కార్ల డిజైనరు ఒకసారి ఇంట్లో కుర్చీని బల్లలా వాడి చెక్క కోస్తూ కుర్చీని కూడా కోసేశాడు. ఆ చిరాకులోంచి పుట్టిందే మడతపెట్టే వర్క్‌మేట్. కంపెనీలన్నీ వద్దంటే 1968 నుంచి తనే తయారుచేసి అమ్ముకున్నాడు. కాదన్నవాళ్ళలో ఒకరైన బ్లాక్ అండ్ డెకర్ వాళ్ళే 1970ల మొదట్లో దాన్ని తీసుకున్నారు. మన ఇళ్ళల్లో చాలా గరాజుల్లో అది ఒక మూల మడిచి ఉంటుంది. అపార్ట్‌మెంటుకి మంచిదే. గట్టిగా చిత్రిక తోస్తే మాత్రం మనతోపాటు అదీ నడుస్తుంది.

రూబో బల్లని మళ్ళీ బతికించింది క్రిస్టఫర్ ష్వార్జ్ అనే అమెరికన్ పత్రికా సంపాదకుడు. 2007లో బల్లల మీద పుస్తకం రాశాడు, 2018లో రోమన్ల పొట్టి బల్లల మీద ఇంకొకటి, 2020లో మూడోది. ఆ మూడోదాన్ని కంప్యూటర్లో చదువుకోవడానికి ఉచితంగా ఇచ్చేశాడు. నేను పట్టుకున్నది దాన్నే.

ఎల్మ్, బీచ్ పలకలు కొనే స్తోమత లేక నేను ఇక్కడి పచ్చ పైన్ వాడాను. ఇళ్ళ నేలలకి దూలాలుగా వేసే రెండు బై పన్నెండు పలకలు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక హెచ్చరిక: రెండు అంటే రెండు కాదు, ఒకటిన్నర, పన్నెండు అంటే పదకొండుంపావు. తొందరపడి ఆరబెట్టకుండానే అతికించిన నా మొదటి బల్ల చలికాలం హీటర్ వేసేసరికి వేలు పట్టేంత బీటలు తీసింది. మళ్ళీ కొన్న పలకల్ని ఆరు నెలలు గరాజ్‌లో పేర్చి ఉంచాను. పలకల్ని నిలువునా రెండుగా కోసి, పదిహేను ముక్కలు పక్కపక్కన నిలబెట్టి జిగురుతో అతికిస్తే ఎనిమిది అడుగుల పొడుగు, అయిదంగుళాల మందం తేలింది. మొత్తం బరువు దాదాపు మూడు వందల పౌండ్లు. హోల్డ్‌ఫాస్ట్ బెజ్జాలు, ఎడమ కాలికి రూబో పద్ధతిలో కొయ్య వైసు, కింద పనిముట్లకి ఒక అర. ఎత్తు నాకు సరిపడా 34 అంగుళాలు.

2023 వేసవిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న గరాజ్‌లోకి వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ళ అతుకుల్లో గోరు దూరుతుందేమో చూశారు. దూరలేదు. "బాగానే దించావే. కానీ ఏందిరా ఇంత ఎత్తున కట్టావు? దీని మీద చిత్రిక పట్టాలంటే నేను పీటేసుకుని నిలబడాల" అన్నారు. ఆయన అయిదడుగుల మూడంగుళాల మనిషి. పోనీ కింద కూర్చుందామంటే మోకాళ్ళు మడవద్దని డాక్టరు చెప్పి అయిదేళ్ళయింది. అప్పటినుంచి ఆయన ఉలి ముట్టుకోలేదని అమ్మ నాకు అప్పుడే చెప్పింది. యాభై ఏళ్ళు పనిచేసిన మనిషి నా గరాజ్‌లో కుర్చీ వేసుకుని నేను తప్పుగా రంపం పడుతుంటే చూస్తూ కూర్చున్నారు.

ఆ రాత్రి బల్ల కాళ్ళు నాలుగంగుళాలు కోసేద్దామా అనుకున్నాను, నిజంగానే. పొద్దున్నే రోమన్ బల్ల బొమ్మ ఆయనకి చూపించాను. చాలాసేపు చూశారు. "ఇది బల్ల కాదురా, పొడుగు పీట" అన్నారు. మిగిలిన పలకలో ఆరడుగుల ముక్క తీశాం. బెజ్జాలు నేను వేశాను, కాళ్ళు ఆయన బాడిసతో చెక్కారు. వాలు కొలవడానికి నేను యాప్ తెరిచేలోపు ఆయన కంటితో చూసి గీత గీసేశారు. ఎత్తు 17 అంగుళాలు. దాని మీద అడ్డకాళ్ళు వేసి కూర్చుంటే మోకాలు సగమే వంగుతుంది. చెక్కని తొక్కిపట్టడానికి పాదం బదులు తొడ, పిరుదు. రెండు రోజులు తడుముకున్నారు. మూడో రోజు చిత్రిక పొట్టు పొడుగ్గా, ఎక్కడా తెగకుండా లేచింది.

ఆ పూటే నా నాలుగు మార్కుల సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. "ఆ మేష్టారు నిలబడమన్నారు సరే, నిలబడి ఎట్టా పట్టాలో చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. లేచి వచ్చి నా పెద్ద బల్ల ముందు నన్ను నిలబెట్టి, "చేతుల్తో తొయ్యకు, నడుంతో తొయ్యి" అన్నారు. నిలబడి ఎప్పుడూ పనిచెయ్యని మనిషికి అదెలా తెలిసిందో అడగలేదు.

వెళ్ళేటప్పుడు బొమ్మ ప్రింటు తీసుకుని సంచీలో పెట్టుకున్నారు. రెండు నెలలకి ఫోన్లో చెప్పారు, ఊళ్ళో తుమ్మ పలకతో ఒకటి చేయించుకున్నానని. "మీ రోము వాళ్ళు కాళ్ళు మరీ వాల్చారు, తగులుతున్నాయి. నేను తగ్గించా" అన్నారు. పక్క వీధిలో ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన కూడా ఒకటి చేసి పెట్టమన్నాడట, ఆయనకీ మోకాళ్ళేనట.