సఫోక్ డొంకదారులు

మన సంఘంలో సైకిలు తొక్కేవారి సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది. ఇందులో డాక్టర్ల సలహా కొంత ఉన్నది, పిల్లల పోరు కొంత ఉన్నది. వారాంతాలలో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "కార్ల బెడద లేని రోడ్లు ఎక్కడున్నాయండీ?" అడిగినవారందరికీ నేను చెప్పే జవాబు దక్షిణ సఫోక్. జవాబు చెప్పడం తేలికే. కాని ఆ రోడ్ల మీద కార్లు ఎందుకు లేవో, ఆ ప్రశాంతతకు ఎవరు ఏ ధర చెల్లించారో కూడా తెలుసుకొని వెళితే ఆ ప్రయాణానికి ఒక అర్థం ఉంటుందని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

మన పల్లెల్లో రెండు పక్కలా కంచెలు పెరిగి, మధ్యలో బండి పట్టేంత ఖాళీ మాత్రమే ఉన్న దారిని డొంక అంటాము. సఫోక్ రోడ్లకు అంతకంటే సరిపోయే మాట నాకు తోచడం లేదు. ఇంగ్లండు మధ్య భాగంలోని చాలా రోడ్లు గీత గీసినట్లు తిన్నగా ఉంటాయి. సుమారు 1750 నుంచి 1850 వరకు పార్లమెంటు చట్టాల ద్వారా ఉమ్మడి భూములకు కంచెలు వేసినప్పుడు సర్వేయర్లు గొలుసులతో కొలిచి వేసిన రోడ్లవి. దక్షిణ సఫోక్‌లో ఆ పని చాలావరకు జరగవలసిన అవసరం రాలేదు. అక్కడి పొలాలకు అంతకు ఎంతో ముందే గట్లు, కంచెలు ఏర్పడ్డాయి. ప్రసిద్ధ పర్యావరణ చరిత్రకారుడు ఆలివర్ రాక్‌హామ్ ఇటువంటి ప్రాంతాలను ప్రాచీన పల్లెసీమ అనీ, తిన్నని రోడ్లవాటిని పథకం ప్రకారం వేసిన పల్లెసీమ అనీ విడదీశాడు. కనుక సఫోక్‌లో రోడ్డు ఉన్నట్టుండి మలుపు తిరిగితే అక్కడ ఒకనాడు ఎవరిదో పొలం హద్దు ఉండేదని అనుకోవచ్చు. రోడ్డు ఆ రైతుకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నది.

ఈ డొంకల మీద ఒకనాడు నడిచిన సరకు ఉన్ని. పదిహేనవ శతాబ్దంలో లావెన్‌హామ్ అనే చిన్న ఊరు నీలం రంగు ఉన్ని బట్టకు పేరు పొందింది. ఆ నీలం వోడ్ అనే మొక్క ఆకులను పులియబెట్టి తీసినది. వర్తకుడు ఉన్ని కొని చుట్టుపక్కల పల్లెలలో ఇంటింటికీ పంచేవాడు. ఆడవాళ్ళు, పిల్లలు దానిని వడికేవారు. నూలు నేతగాని ఇంటికి పోయేది, అక్కడి నుంచి ఏటి ఒడ్డున బట్టను తడిపి దట్టంగా దంచే మిల్లుకు పోయేది, చివరకు వర్తకుని కొట్టుకు చేరేది. గుర్రం వీపున, మనిషి వీపున ఆ మూటలు తిరిగిన దారులే ఈనాడు మనం సైకిలు తొక్కే దారులలో చాలా భాగం.

1524 నాటి పన్ను లెక్కల ప్రకారం ఇంగ్లండు పట్టణాల సంపదలో లావెన్‌హామ్‌ది పద్నాలుగవ స్థానం. అంతకు ముందు ఏడాది చనిపోయిన థామస్ స్ప్రింగ్ అనే బట్టల వర్తకుడు అక్కడి చర్చి గోపురం కోసం వీలునామాలో డబ్బు వ్రాసిపెట్టాడు. ఆ గోపురం 141 అడుగుల ఎత్తు. చుట్టుపక్కల డొంకలలో దారి తప్పినవారికి ఈనాటికీ అదే ఆనవాలు.

అయితే సంపద వర్తకునిది, పని మాత్రం అందరిదీ. 1525లో ఎనిమిదవ హెన్రీ రాజు ఫ్రాన్సు మీద యుద్ధానికని ఒక కొత్త పన్ను అడిగాడు. పేరుకు మాత్రం అది ప్రేమతో ఇచ్చే కానుక. పన్ను కట్టవలసి రావడంతో వర్తకులు పనివాళ్ళకు పని ఇవ్వలేమన్నారు. ఆ మే నెలలో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సుమారు నాలుగు వేల మంది లావెన్‌హామ్‌లో గుమిగూడారు. సైన్యంతో వచ్చిన ప్రభువు మీ నాయకుడెవరని అడిగితే, తమ నాయకుడు పేదరికమేనని వాళ్ళు జవాబిచ్చినట్లు ఆనాటి చరిత్రకారులు వ్రాశారు. రాజు ఆ పన్నును విరమించుకోవలసి వచ్చింది.

పన్ను పోయింది కాని పని నిలవలేదు. ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫ్లాండర్స్ నుంచి మతహింస భరించలేక వచ్చిన నేతగాళ్ళు నారిచ్, కోల్చెస్టర్ పట్టణాలలో స్థిరపడి తేలికైన, చవకైన కొత్త రకాల బట్టలు నేశారు. నారిచ్ నగరం 1565లో ముప్పయి కుటుంబాలను తానే పిలిపించుకున్నది. లావెన్‌హామ్ బరువైన నీలం బట్టకు గిరాకీ పడిపోయింది. డబ్బున్న కాలంలో సుమారు 1529లో కట్టిన గిల్డ్ హాలు ఆ తరువాత ఒకప్పుడు జైలు అయింది, ఒకప్పుడు పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌసు అయింది. ఇప్పుడు అది నేషనల్ ట్రస్టు ఆధీనంలో ఉన్నది. ఆ ఊళ్ళో వందల ఏళ్ళ నాటి కర్ర ఇళ్ళు వాలిపోతూ కూడా నిలిచి ఉన్నాయంటే, వాటిని పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత తరువాతి తరాలకు లేకపోవడమే ముఖ్య కారణం. మనం ఫొటోలు తీసుకునే అందాన్ని కాపాడినది పేదరికం.

ఇక్కడే మన కథ వచ్చి కలుస్తుంది. సొంత నేత తగ్గిన తరువాత సఫోక్ ఆడవాళ్ళు నారిచ్ నేతగాళ్ళ కోసం ఉన్ని వడికి పొట్టపోసుకున్నారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డలు, చిరువేరు ఇచ్చే ఎరుపుతో, ఎన్నిసార్లు ఉతికినా వెలియని రంగులతో, ఆ శతాబ్దం చివరికి లండన్‌లో మోజుగా మారాయి. ఉన్ని కంటే తేలిక, ఉతుక్కోవడం సులభం, ధర కూడా తక్కువ. ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు ఇండియా అద్దకపు గుడ్డలను ఇంగ్లండులో ధరించరాదని చట్టం చేసింది. అది చాలలేదు. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధులలో నూలు అద్దకం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి ఆ బట్టలు చింపారు. 1721లో మరింత గట్టి చట్టం వచ్చింది. మచిలీపట్నం అద్దకంవారికి, సఫోక్ వడికేవారికి ఒకరి పేరు మరొకరికి తెలియదు. ఒకరి అన్నం మీద మరొకరి నీడ పడింది. మధ్యన లాభం తీసుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.

ఆ చట్టాలు సఫోక్ స్త్రీలను ఎంతో కాలం కాపాడలేదు. పద్దెనిమిదవ శతాబ్దం చివర యంత్రాల వడకడం వచ్చి చేతి వడకడాన్ని మింగేసింది. పంతొమ్మిదవ శతాబ్దంలో లాంకషైర్ మిల్లు గుడ్డ మన రేవులలో దిగి మన సాలెల మగ్గాలను కూడా దెబ్బతీసింది. చరిత్ర పుస్తకాలలో రెండవ సంగతి మనం చదువుకున్నాము. మొదటి దానిని ఈ డొంకలలోనే చూడాలి.

లావెన్‌హామ్‌కు ఆగ్నేయంగా ఎనిమిది మైళ్ళ దూరంలో కర్సీ అనే పల్లె ఉన్నది. ఒకే వీధి, ఆ వీధిని అడ్డంగా దాటుతూ ఒక చిన్న వాగు. కార్లైనా, బాతులైనా ఆ నీళ్ళలో నుంచే పోవాలి. కర్సీ అనే ముతక ఉన్ని బట్టకు ఆ ఊరి పేరే వచ్చిందని అంటారు. అది చూడగానే నాకు నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయపాలెం గుర్తుకు వస్తుంది. పదిహేడవ శతాబ్దంలో అక్కడ కంపెనీ స్థావరం ఉండేది. ఆ పేరు ఇంగ్లీషువాళ్ళ నోట మడపొల్లం అయింది, అక్కడి మెత్తని నూలు గుడ్డకూ అదే పేరు పడింది. తరువాత లాంకషైర్ మిల్లులు కూడా అదే పేరుతో గుడ్డ నేసి అమ్మాయి. పనివాని చేతి నుంచి పని పోయింది, ఊరి పేరు మాత్రం నిఘంటువులో మిగిలింది. కర్సీకి, మాధవాయపాలేనికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుంది?

కర్సీ నుంచి పడమరకు నాలుగు మైళ్ళు తొక్కితే గ్రోటన్ వస్తుంది. ఆ ఊరి భూస్వామి జాన్ విన్‌త్రోప్ 1630లో ఓడలెక్కి అమెరికా వెళ్ళి మాసచూసెట్స్ వలసకు గవర్నరయ్యాడు. మత విశ్వాసం ఒక కారణం, బట్టల వ్యాపారం దెబ్బతిని ఆ ప్రాంతం కుంగిపోవడం మరొక కారణం. మాసచూసెట్స్‌లో ఈనాడు సఫోక్ కౌంటీ ఉన్నది, సడ్‌బరీ ఉన్నది, గ్రోటన్ ఉన్నది. ఇంటి గుమ్మం మీద సొంత ఊరి పేరు చెక్కించుకున్న మిత్రులు మనలోనూ ఉన్నారు కనుక ఆ మనస్సు మనకు తెలియనిది కాదు. వలస వెళ్ళినవాడి వెనుక ఒక ఊరు కొంచెం నిశ్శబ్దమవుతుంది.

ఇక సైకిలు సంగతి. 1885లో కోవెంట్రీలో స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చాయి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. వైద్య వృత్తి సైకిలుకు చేసిన ఉపకారంగా దానిని మేము చెప్పుకోవచ్చు! 1878లోనే మొదలైన సైకిలు యాత్రికుల క్లబ్బు మంచి రోడ్ల కోసం పోరాడింది. రైలు ఒకవైపు, తరువాత పెద్ద రహదారులు మరొకవైపు సరకును, జనాన్ని లాగేసుకున్నాయి. డొంకలు సైకిలుకు మిగిలాయి.

లావెన్‌హామ్‌కు 1865లో రైలు వచ్చింది. 1961లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, కొన్నేళ్ళకు గూడ్సు కూడా ఆగింది. ఆ పాత పట్టాల దారిలో కొంత భాగం ఇప్పుడు నడక దారి. నడవడానికి హాయిగా ఉంటుంది. కాని ఇటువంటి ఊళ్ళ నుంచి వచ్చే వృద్ధులను నేను వైద్యుడిగా చూస్తూ ఉంటాను. చూపు తగ్గి కారు మానేసిన మనిషికి ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రికి రమ్మని ఉత్తరం వెళితే, ఆ వేళకు చేర్చే బస్సు ఉండదు. మనకు ప్రశాంతతగా కనిపించేది ఆమెకు ఒంటరితనం. రోడ్డు ఖాళీగా ఉండాలని కోరుకునే మనం, దాని మీద రోజుకు నాలుగు బస్సులైనా తిరగాలని కూడా కోరుకోవాలి. ఊరి బస్సు సైకిలువానికి శత్రువు కాదు. తొందరలో ఉన్న కార్లే శత్రువులు.

వాటి విషయంలో కొంత మేలు జరిగింది. 2000 నాటి రవాణా చట్టం కింద కొన్ని దారులను ప్రశాంత దారులుగా ప్రకటించే వీలు కలిగింది. సఫోక్‌లో అటువంటి బోర్డులు చాలా చోట్ల కనిపిస్తాయి. అయితే ఆ బోర్డు హెచ్చరిస్తుందే కాని అడ్డుకోదు. 2022లో మార్చిన హైవే కోడ్ ప్రకారం ముప్పయి మైళ్ళ వేగం వరకు సైకిలును దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి. కారు నడిపేటప్పుడు మనమూ దీనిని పాటించాలని వేరే చెప్పనక్కరలేదు.

వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. మార్క్స్ టే నుంచి చిన్న రైలులో సడ్‌బరీ చేరండి. అక్కడ ఇప్పటికీ పట్టు నేసే మిల్లులున్నాయి. లండన్‌లో కూలి రేట్లు చట్టంతో ఖాయమైనప్పుడు చవక కూలి కోసం స్పిటల్‌ఫీల్డ్స్ యజమానులు ఇటు తరలివచ్చిన ఫలితమిది. అక్కడి నుంచి లాంగ్ మెల్‌ఫర్డ్, లావెన్‌హామ్, మిల్డెన్ మీదుగా కర్సీ, గ్రోటన్, బాక్స్‌ఫర్డ్, మళ్ళీ సడ్‌బరీ. మొత్తం పాతిక, ముప్పయి మైళ్ళ లోపు. పెద్ద కొండలు లేవు. వాన తరువాత పొలాల బంకమన్ను రోడ్డు మీదికి వస్తుంది కనుక మలుపులలో నెమ్మదిగా తిరగండి. నలభై దాటి చాలాకాలంగా వ్యాయామం లేనివారు మొదటిసారి సగం దారే పెట్టుకోవడం మంచిది.

పిల్లలను తప్పక తీసుకువెళ్ళండి. కర్సీ వాగు దగ్గర చెప్పులు విప్పి నీళ్ళలో ఆడుకోనివ్వండి. ఆ తరువాత ఆ ఊరి పేరు బట్టకు ఎలా వచ్చిందో చెప్పి, మాధవాయపాలెం పేరు కూడా వాళ్ళ చేత ఒకసారి పలికించండి.