చొక్కా మీద టైరు పేరు

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర, హైవే పక్కన పంచర్ షాపు. పొద్దున తొమ్మిదింబావు. నిన్నటి ఆయుధపూజ ఆనవాళ్లు ఇంకా చెదరలేదు. కంప్రెసర్‌కు చుట్టిన బంతిపూల దండ వాడి వేలాడుతోంది. జాకీకి, లివర్లకు, పానాలకు విభూతి పట్టెలు, వాటి మీద కుంకుమ బొట్లు. వాకిట్లో పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ చెక్కల మీద ఈగలు ముసురుతున్నాయి. బెంగుళూరు వైపు లారీ పోయినప్పుడల్లా షాపు రేకులు గడగడమంటున్నాయి.

2025 అక్టోబరు 2. విజయదశమి. నా స్కూటరు వెనక చక్రం గాలి దిగిపోయింది. "కూర్చోప్పా, అయిదు నిమిషాలు" అన్నాడు షాపాయన. అయిదు నిమిషాలు పదిహేనయ్యాయి. ట్యూబు నీళ్లతొట్టిలో తేలుతోంది, ఆయన కళ్లు మాత్రం ఫోను మీదే ఉన్నాయి. సొల్యూషన్ డబ్బాకు ఆనించి నిలబెట్టాడు దాన్ని. చుట్టూ ఏడెనిమిది మందిమి. అహ్మదాబాదులో వెస్టిండీస్‌తో మొదటి టెస్టు ఇంకాసేపట్లో మొదలు.

"టాస్ వాళ్లే గెల్చినారు మామా. బ్యాటింగ్ తీసుకున్యారు."

"టాస్‌దేముందిరా. చొక్కా చూడల్ల నేను."

పదహారు రోజులుగా ఇదే మాటట. సెప్టెంబరు 16న క్రికెట్ బోర్డు కొత్త స్పాన్సర్ పేరు చెప్పినప్పటినుంచీ వచ్చినోడికల్లా చెబుతున్నాడు. మొన్న ఆసియా కప్పు ఆడినన్నాళ్లూ మన జట్టు చొక్కా మీద స్పాన్సర్ పేరే లేదు. తిలక్ వర్మ పాకిస్తాన్ మీద ఫైనల్ గెలిపించిన రాత్రి కూడా రొమ్ము మీద 'ఇండియా' ఒక్కటే. అదే బాగుందన్నవాళ్లు ఈ గుంపులోనే ముగ్గురున్నారు. వాళ్లతో ఈయనకు పోట్లాట.

ఆటగాళ్లు మైదానంలోకి దిగారు. అరచేయంత తెర. తెల్ల చొక్కాలు. బంతి రుద్దుకుంటూ బుమ్రా ఇటు తిరిగాడు.

"అద్దో!" షాపాయన తొడ చరిచాడు. "చూస్తిరా? అపోలో టైర్స్! మన సరుకప్పా, మన సరుకు!"

ఆయన ఆ కంపెనీ డీలరు కాదు. కొత్త టైర్లు అమ్మడు. ఆయన అమ్మేది అతుకు. కానీ ఇన్నేళ్లూ ఆ అక్షరాలను బురద కొట్టుకుని, తలకిందులుగా, తన మోకాలి కింద అదిమిపెట్టి లివరు దూర్చుతూ చూశాడు. అవే అక్షరాలు ఇవాళ నిటారుగా, ఉతికిన తెల్లటి గుడ్డ మీద, దేశమంతా చూస్తుండగా నిలబడ్డాయి. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు గొంతు పట్టేసింది. మన పనిలో రోజూ చేతికి తగిలే వస్తువు పేరు అంత దూరం పోవడం ఎంత పెద్ద సంగతో ఆ నల్లబడ్డ చేతులకే తెలుసు.

కర్నూలు ఉల్లిగడ్డలు వేసుకుని బెంగుళూరు పోతున్న లారీ డ్రైవరుకు మాత్రం ఇది నచ్చలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎంతిచ్చినారంట?"

"579 కోట్లు. రెండున్నర ఏండ్లకి" అన్నాడొక పిల్లోడు.

"అంత దుడ్డు యాడ్నుంచి తెస్తారు? రేపు టైరు రేటు పెంచి నా దగ్గరే గుంజుతారు. మొన్ననే కదా టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దింపింది. అది మిగిలిందని సంతోషపడితి."

షాపాయన దగ్గర దీనికి జవాబు లేదు. "ఫ్యాక్టరీ మన రాష్ట్రంలోనే ఉందప్పా, సత్యవేడు దిక్కున" అన్నాడు కాసేపటికి. నిజమే, చినపాండూరులో 2020లో మొదలైంది. "ఉంటే నాకు తగ్గిచ్చి ఇస్తారా?" అన్నాడు డ్రైవరు. పది చక్రాలు మార్చాల్సిన మనిషి లెక్క అది. తప్పనడానికి నాకు నోరు రాలేదు.

బెంచీ చివర రిటైరైన అయ్యవారు ఇంతసేపూ మాట్లాడలేదు. ఇప్పుడు వేళ్లు మడిచాడు. మొదట సిగరెట్ కంపెనీవాళ్ల విల్స్. తర్వాత 2013 దాకా సహారా. ఆ మరుసటేడే దాని అధినేత జైలుకెళ్లాడు. తర్వాత స్టార్. 2017లో ఒప్పో, అయిదేళ్లకు 1,079 కోట్లని వచ్చి రెండేళ్లకే బైజూస్ చేతిలో పెట్టింది. ఆ బైజూస్ మీద 158 కోట్ల బాకీ కోసం బోర్డే దివాలా కేసు వేసింది. 2023లో డ్రీమ్ 11, మూడేళ్లకు 358 కోట్లని. రెండేళ్లు నిండి కొన్నాళ్లయిందో లేదో, పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, అదీ తప్పుకుంది.

"ఆ చొక్కాకి దిష్టి ఉండాది సార్" అన్నాడు షాపాయన. "దానికీ ఒక గుమ్మడికాయ కొట్టల్ల."

అందరూ నవ్వారు. ఒకడు నవ్వలేదు.

ఇరవై రెండేళ్లుంటాయేమో. ఒంటి మీద పాత నీలం జెర్సీ, హిందూపురంలో కొన్న డూప్లికేటు. డ్రీమ్ 11 అక్షరాలు ఉతుకులకు పొరలు లేచిపోయాయి. 2023 జులైలో ఈ పేరు టెస్టు చొక్కా మీద మొదటిసారి కనబడ్డప్పుడు ఊరూరా తిట్టుకున్నారు. తెల్లటి చొక్కా మీద అంత ఎరుపేంది, ఇండియా అన్న పేరేదీ అని. ఈ పిల్లోడు అప్పుడు తిట్టలేదట. ఇష్టపడి కొనుక్కున్నాడట.

ఆంధ్రలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు 2020 సెప్టెంబరులోనే అడ్డుకట్ట పడింది. తెలంగాణలో అంతకు మూడేళ్ల ముందే. డ్రీమ్ 11 కూడా ఈ రెండు రాష్ట్రాలవాళ్లను డబ్బు పోటీలకు రానిచ్చేది కాదు. హైదరాబాదు సిరాజ్ రొమ్ము మీద ఉన్న ఆటను సిరాజ్ ఊరివాళ్లకు డబ్బు పెట్టి ఆడే వీలుండేది కాదు. ఇక్కడి చిలమత్తూరు మండలానికి మాత్రం ఇంకో దారి ఉండేది. ఇటు మన రాష్ట్రం, కాస్త ముందుకుపోతే కర్ణాటక.

"బాగేపల్లి దిక్కు పోతాంటిమన్నా, బండి మీద. ఎల్ల దాటితే ఫోను ఒప్పుకుంటాది. రోడ్డు పక్కన నిలబడుకోని జట్టు కట్టేసి, మళ్లా ఇంటికి" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. అతను ఆడింది వేరే ఆప్‌లోనట. ఏదో చెప్పలేదు, నేనడగలేదు. మొదట నలభై తొమ్మిది రూపాయలు. తర్వాత వందలు. ఆ తర్వాత నాన్న చెనక్కాయలు అమ్మిన దుడ్డులోంచి. "ఇట్లాంటి ఆట పేరు ఇండియా టీమే వేసుకుంటే, తప్పెట్లవుతాదనుకుంటి."

ఆ మాట నన్ను వదల్లేదు. వానదేవుడి దయ మీద చెనక్కాయ వేసే సీమ ఇది. ఏడాదికి అయిదు వందల యాభై మిల్లీమీటర్లు పడితే గొప్ప. అలాంటి చోట ఒక్కో మూటా ఎట్లా ఇల్లు చేరుతుందో తెలిసిన నాన్న ఆయన. స్పాన్సర్ అంటే బోర్డుకు కోట్ల లెక్క కావచ్చు. ఇక్కడి పిల్లలకు అది పెద్దవాళ్లు చెప్పిన మాటతో సమానం. కోహ్లి, సిరాజ్ ఒంటి మీద వేసుకున్నారంటే మంచిదేనని నమ్ముతారు. అందుకే రొమ్ము మీద దేశం పేరొక్కటే ఉండాలన్న ఆ ముగ్గురి పక్షమే నేను. ప్రపంచ కప్పులో ఐసీసీ నియమం అదే కదా: ముందు వైపు దేశం పేరు, స్పాన్సర్ చేతి మీదికి పోవాలి. ఆ వారంలోనే గౌహతిలో మొదలైన ఆడపిల్లల ప్రపంచ కప్పులో మన కడప జిల్లా శ్రీచరణి అట్లాగే ఆడింది. బోర్డుకు అదొక్కటీ రోజూ పాటించే ధైర్యం లేకపోతే, కనీసం పిల్లల చేత అప్పు చేయించని పేరు వేయాలి. టైరయితే సరే. చేత్తో తట్టి చూడొచ్చు. అరిగితే కంటికి కనబడుతుంది.

"ఇంక ఈ జెర్సీ ఏం చేస్తావు?" అన్నాను.

"అమ్మ చెనక్కాయ పీకేదానికి కట్టుకుంటానంది" అన్నాడు. పొర లేచిన అక్షరాన్ని గోటితో గీకాడు. ఒక పెచ్చు ఊడి ప్యాంటు మీద పడింది.

షాపాయన ఎట్టకేలకు తొట్టి దగ్గరికి వచ్చాడు. ట్యూబును నీళ్లలో వొత్తి తిప్పాడు. బుడగలు వరసగా లేచిన చోట అగ్గిపుల్ల గుచ్చాడు. చెవి మాత్రం ఫోను దిక్కే.

ఆయన కొడుక్కి తొమ్మిదేళ్లుంటాయి. తెర దగ్గర చోటు దొరక్క అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నాయినా, ఆ చొక్కా మీంది పేరు లారీ టైరు మీద కూడా ఉంటాదా?"

"ఉంటాది పో, చూసుకో."

ఉల్లిగడ్డల లారీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ముందు చక్రాలు రెండూ వేరే కంపెనీవి. వాటి కింద నిన్న నలిగిన నిమ్మకాయల తొక్కలు ఇంకా రబ్బరుకు అంటుకునే ఉన్నాయి. ఎడమవైపు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బురద పొరను బొటనవేలితో తుడిచాడు. ఉబ్బెత్తు అక్షరం ఒకటి బయటపడింది. ఇంకొకటి తుడిచాడు.

"ఏ... పీ..."

షాపులో ఒక్కసారిగా కేక. సిరాజ్ బంతికి చందర్‌పాల్ బ్యాటు తగిలింది, వెనక జురెల్ పట్టేశాడు, సున్నా. అయ్యవారు కూడా లేచి నిలబడ్డాడు. నీలం జెర్సీ పిల్లోడు ఎవరినో భుజం మీద గుద్దుతున్నాడు.

"రేయ్, వికెట్టు పడింది, రారా!"

వాడు రాలేదు. ఇంకా నాలుగక్షరాలు మట్టి కింద ఉన్నాయి.