జమాఖర్చులలో దొరకిన అత్త

మన యిండ్లలో వంశచరిత్రమనగా సాధారణముగా పురుషుల పేళ్ల పట్టిక. గోత్రము, ప్రవర, పిమ్మట తండ్రి, తాత, ముత్తాత. వారిలో నొకరు పండితులు, ఒకరు దాతలు, ఒకరు రాజసన్మానితులు. తర్పణములలో తల్లిని, నాయనమ్మను, ఆమె యత్తగారిని గూడ దలచుకొందుము. కాని వారు కొడుకులను గన్నవారు. బిడ్డలు లేక పుట్టింట నొకమూల జీవించి గతించిన స్త్రీకి ఏ పట్టికయందును చోటు లేదు. అట్టి స్త్రీ నొకతెను గడచిన వేసవిలో మా యింటి అటకమీద నేను కనుగొంటిని. దొరకినది చిత్తరువు కాదు, ఉత్తరమును కాదు. జమాఖర్చుల పుస్తకమున ఆఱు పంక్తులు.

విదేశమున నుద్యోగము చేయుచున్న మా పినతండ్రి కుమారుడు వంశవృక్షమును వ్రాసి పంపుమని నన్ను కోరియుండెను. సంస్కృతము చదివినవాడను, బడిపంతులను గనుక ఈ పని నాకు తగినదని యతని తలంపు. ఆధారము దొరకునేమోయని అటకమీది కట్టలను దింపించితిని. ధర్మశాస్త్ర గ్రంథముల వ్రాతప్రతులు, కొన్ని పంచాంగములు, వానితోపాటు మా తాతగారికి తాతగారు స్వహస్తముతో వ్రాసిన జమాఖర్చుల పుస్తకము నందుండెను.

ఆయనను గూర్చి మా యింట నొక కథ గలదు. చెఱువుక్రింద మాకున్న మూడెకరముల మాగాణి యొక సాహుకారు చేత కుదువపడియుండగా, ఆయన యొక సంస్థానమున శాస్త్రార్థము చెప్పి గెలిచి, సన్మానముగా వచ్చిన ద్రవ్యముతో దానిని విడిపించెనట. చిన్నతనమున నేనీ కథను ఎన్నిసార్లు వింటినో చెప్పలేను. పరీక్షకు బోవునపుడెల్ల మా నాయనమ్మ దీనినే చెప్పి దీవించెడిది.

పుస్తకము వేఱొక కథ చెప్పినది. తారణ సంవత్సరమున, అనగా 1884లో, ఆయన తమ్మునికి వివాహము చేసెను. కన్యాపితకు 300 రూపాయలు. అందునకై మాగాణి తనఖా. ఇది మొదటి సంగతి. ఇక వ్యయ నామ సంవత్సర ఫాల్గుణమున, అనగా 1887లో, నేను పైని చెప్పిన పంక్తులు మొదలగును. ‘చిన్నదాని మూలమున జమ 400.’ దానిక్రింద, తనఖా అసలు వడ్డీలకు చెల్లు 340. పెండ్లి ఖర్చు 36. పాడిగేదె యొకటి 24. నిలువ లేదు. సంవత్సరము పేరు వ్యయమైనను ఆయనకది జమ సంవత్సరమే యయ్యెను.

చిన్నదియనగా ఆయన కూతురు. అప్పటికామెకు ఐదేండ్లు. వరుడు అఱువదికి సమీపించినవాడని మా తండ్రిగారు పెద్దలవలన వినియున్నారు.

సన్మానము లేదు, శాస్త్రార్థమును లేదు. ఒక కన్యను తెచ్చుటకు కుదువపడిన పొలము మఱియొక కన్య నిచ్చుటచే విడిపడినది. కన్యాశుల్కము నడచిన తీరే యిది. కూతురులున్నవాడు వెలపుచ్చుకొనుటయు, కొడుకులున్నవాడు వెలకట్టుటయు, ఇద్దఱును గలవాడు ఒకచేత పుచ్చుకొని రెండవచేత నిచ్చుటయు. ధనము ఇంటింటికి దిరుగుచుండెను. దానితోపాటు పసిబిడ్డలును తిరుగుచుండిరి.

ఇది మా యింటి పాపము మాత్రమే యనుకొని కొంతసేపు కుమిలితిని. ఆ తరువాత గురజాడ అప్పారావుగారు 1897లో కన్యాశుల్క నాటకము మొదటి ముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠిక స్మరణకు వచ్చినది. అంతకు పదియేండ్ల పూర్వము విజయనగర మహారాజుగారు, ఆనందగజపతి ప్రభువులు, విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ గృహములందు జరిగిన శుల్కవివాహములకు పట్టిక వ్రాయించిరి. లెక్కకు వచ్చినవి 1034. అందు ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఏడాది శిశువులు ముగ్గురు. ఆ శిశువులకు వెల 350 మొదలు 400 రూపాయలవఱకును బలికినది. మాదియు నా మండలమే, కాలమును దాదాపుగా నదియే. ఆ తొంబదితొమ్మండ్రలో మా చిన్నది యొకతెయై యుండవచ్చును.

ఆ నాటకమును నేను తరగతిలో ఎన్నియో యేండ్లనుండి పాఠము చెప్పుచున్నాను. అగ్నిహోత్రావధానులు సుబ్బిని లుబ్ధావధానులకు అమ్మజూచుట చదివినపుడు పిల్లలు నవ్వుదురు, నేనును నవ్వుదును. ఆ అగ్నిహోత్రావధానులవారి యింటనే నేను పుట్టితినని యెఱుగక నవ్వితిని.

కాలధర్మమును బట్టి చేసినాడు, ఇప్పటి న్యాయముచేత అప్పటివారిని దూషింపరాదని మా పెద్దలలో నొకరు నాతో ననిరి. మాట పెద్దది, దానిని త్రోసివేయలేదు. కాని ఆ కాలమే ఆయనకు వేఱుమాట చెప్పుచుండెను గదా. ఆయన చదివిన మనుస్మృతి మూడవ యధ్యాయముననే, తెలిసిన తండ్రి కన్యకు శుల్కము లేశమైనను గ్రహింపరాదనియు, లోభముచే గ్రహించినవాడు సంతానమును అమ్ముకొనినవాడే యనియు స్పష్టముగా నున్నది. ధనమిచ్చి కన్యను గొనుట ఆసురవివాహమనియు నందే గలదు. ఆ వ్రాతప్రతి ఈ జమాఖర్చుల పుస్తకముతో నొకే గుడ్డలో కట్టబడియున్నది. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును 1881 డిసెంబరు 11వ తేదీననే జరిపించియుండిరి.

ఇంతకంటె బలమైన సాక్ష్యము ఆయన మాటయే. తమ్ముని పెండ్లికి ‘కన్యాపితకు 300’ అని స్పష్టముగా వ్రాసిన చేయి, తాను పుచ్చుకొనినపుడు ‘చిన్నదాని మూలమున’ అని వ్రాసెను. గేదెకు వెల యని వ్రాసినవాడు కూతునకు వెల యని వ్రాయలేకపోయెను. తప్పని తెలియనివానికి మాట మఱుగుపఱచు నవసరమేమి? పాతలెక్కలు చదువువారు అంకెలకంటె ఇట్టి మాటలనే జాగ్రత్తగా చూడవలెనని నాకు దోచుచున్నది. ఆయనయెడ నాకు మిగిలిన కొంచెము గౌరవమును ఈ తడబాటువలననే.

ఆఱవ పంక్తి నందన సంవత్సరమునది. ‘చిన్నదానిని మరల దెచ్చుటకు బండిబాడుగ 1 రూపాయ 8 అణాలు.’ అది 1892. విజయనగరమున కన్యాశుల్క నాటకము మొదటిసారి ప్రదర్శింపబడిన సంవత్సరము. ఆమెకు పదియో పదునొకండో యేండ్లు. అత్తవారి యూరికి ఎప్పుడు పంపిరో వ్రాయలేదు. భర్త పోయిన పిదప తెచ్చిన ఖర్చు మాత్రము వ్రాసినారు. అటుపైని ఆ పుస్తకమున ఆమె కనబడదు.

ఆమె తరువాత అఱువదిమూడేండ్లు మా యింటనే యుండి 1955లో గతించినది. మా తాతగారికి మేనత్త గనుక ఇంటిల్లిపాదియు ‘అత్త’ యనియే పిలిచెడివారు. మా తండ్రిగారికప్పుడు పదియేండ్లు. ఆయన యెఱిగిన అత్త తెల్లబట్టతో, ముసుగుతో తెల్లవాఱకముందే మడి నీళ్లు తెచ్చి, రెండుపూటల వంట చేసి, అందఱును తినిన తరువాత ఒకపూట తినెడి ముసలిది. ఇంట పెండ్లి జరుగునపుడు గొడ్లసావిడిలోనికి బోయి కూర్చుండెడిదట.

నేను పంక్తులు చదివి వినిపించునప్పటికి మా తండ్రిగారు పడకకుర్చీలో నుండిరి. ‘చిన్నదాని మూలమున’ అను మాటను మఱల చదివించుకొనిరి. చాలసేపటికి నెమ్మదిగా ననిరి: “చెఱువు గట్టుమీద నన్ను నడిపించుకొని వెళ్లినప్పుడల్లా, మాగాణి వైపు చెయ్యి చాపి, ‘అది నా పొలంరా’ అనేది. మేమంతా నవ్వేవాళ్లం. అత్తకు మతి చెడిందనుకునేవాళ్లం.”

ఆమెకు మతి చెడలేదు. ఎవరో ఆమెకు చెప్పియుండవలెను, లేదా గదిలో బేరమాడుచుండగా ఐదేండ్ల పిల్ల వినియుండవలెను. కొడుకుతోపాటు కూతునకును తండ్రి యాస్తిలో వారసత్వము నిచ్చిన హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది. ఆమె పోయిన మఱుసటి యేడు. అయినను ఆమె యడిగినది తండ్రి యాస్తిలో భాగము కాదు. తన వెలతో విడిపించిన భూమిని తనదని చెప్పుకొనినది, అంతే.

ఆ భూమి పంటతోనే మా ముత్తాతగారు ఇంగ్లీషు బడికి బోయిరి. మా తాతగారు బి.ఏ. చదివిరి. 1998లో దానిని అమ్మి నా కళాశాల జీతములు కట్టిరి. మిగిలినదానితో మా చెల్లెలికి కట్నమిచ్చితిమి. శుల్కము పోయి కట్నము వచ్చినది. వెల మాఱలేదు, చెల్లించువారు మాఱిరి. కట్న నిషేధ చట్టము 1961లోనే పుట్టినదని మాకు తెలియకపోలేదు. ఆ సొమ్మును మా తండ్రిగారు తన పుస్తకమున ‘అమ్మాయి మూలమున ఖర్చు’ అని వ్రాసియున్నారు. ఆ వ్రాత చూచిన పిదప మా తాతగారి తాతగారిమీద నాకున్న కోపము కొంత దారితప్పినది.

వంశవృక్షము సంగతి. ఇది పంపరాదని మా పెద్దనాన్నగారి కుమారుడు గట్టిగా చెప్పినాడు. ఇంటిగుట్టు లంకకు చేటని సామెత చెప్పినాడు. దూరదేశమున పిల్లలు చదువుకొని సిగ్గుపడుదురనియు అన్నాడు. పడవచ్చును. నాకు వచ్చిన యడ్డంకి వేఱు: ఆమె పేరెవరికిని తెలియదు. అత్త యని పిలిచి పిలిచి పేరు మఱచిపోయినారు. పుస్తకమున ఆమె చిన్నది, నోట అత్త. పురోహితులవారి యింట నడిగితిని, లేదు. పుట్టుక నాటి జాతకము లేదు.

నాలుగు దినముల తరువాత మా తండ్రిగారు సామానుల కొట్టు తలుపు తీయించి, మూలనున్న ఇత్తడిబిందె నొకదానిని కడిగించిరి. ఆమె మడి నీళ్లు తెచ్చుకొనిన బిందె, పెండ్లినాటిది. మెడక్రింద సుత్తిదెబ్బలతో చుక్కలు చుక్కలుగా గొట్టిన యక్షరములు చింతపండుతో తోమగా బయటపడినవి. మొదట అత్తవారి యింటిపేరు పొడియక్షరములు, తరువాత ఆమె పేరు. పేరునిక్కడ అచ్చువేయను, అది మా యింటివారు పిలుచుకొనవలసిన పేరు. మా తండ్రిగారు కండ్లజోడు సవరించుకొని రెండుసార్లు పైకి చదివిరి. ఆ సాయంకాలమే వంశవృక్షమున మా ముత్తాతగారి ప్రక్కన, ఆయనకు పైగా, అక్కగారి స్థానమున దానిని వ్రాసి, క్రింద చిన్న యక్షరములతో ‘చెఱువుక్రింది మాగాణి వీరిది’ అని చేర్చి పంపితిని.