బీడ్‌బోర్డ్ (స్నానాలగది గోడల చెక్క తొడుగు)

బీడ్‌బోర్డ్ అంటే గోడ కింది భాగానికి నిలువుగా బిగించే సన్నని చెక్క పలకల తొడుగు. ఒక పలక అంచున నాలుక, పక్క పలక అంచున గాడి ఉంటాయి. అతుకు పక్కనే సన్నని గుండ్రటి గట్టు నిలువునా సాగుతుంది. 19వ శతాబ్ది చివర అమెరికా, బ్రిటన్ ఇళ్లలో బాగా వాడుకలో ఉండేది. సాధారణంగా ఎత్తు 3 నుంచి 4 అడుగులు. పైన పట్టీ, కింద స్కర్టింగ్.

స్నానాలగదిలో దీన్ని పాడుచేసేది పైన పడే నీటి చుక్కల కన్నా పలక వెనక చేరే తేమే. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు మారదు. అందుకే పలకలను కొన్ని రోజులు ఆ ఇంట్లోనే ఉంచి, ముందూ వెనకా, ముఖ్యంగా కోసిన చివరలకు ప్రైమర్ పూస్తారు. నీరు ఎక్కువగా పాకేది ఆ చివరల నుంచే. హడావిడి పనిలో వదిలేసేదీ వాటినే. నాలుకను గాడిలోకి పూర్తిగా బిగించకుండా కాస్త సందు వదులుతారు. కింది అంచును నేలకు తగలనివ్వరు. ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. మేకులు నాలుక మొదట్లో ఏటవాలుగా కొడితే తలలు కనబడవు. షవర్ కింద మాత్రం చెక్క పనికిరాదు, అక్కడ టైల్సే. ఎం.డి.ఎఫ్. (చెక్క నారను అదిమి చేసే పలక) చవకే గానీ ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలుగా కాదు.

బకెట్, మగ్గుతో స్నానం చేసే తెలుగు ఇళ్లలో నీళ్లు చుట్టూ ఉన్న గోడలకు చిందుతాయి కనుక స్నానం చేసే చోట మామూలు చెక్క కుదరదు. ఆ కళ కావాలనుకునేవారు పొడిగా ఉండే వాష్‌బేసిన్ వైపు పి.వి.సి., డబ్ల్యు.పి.సి. (చెక్కపొడి, ప్లాస్టిక్ మిశ్రమం) పలకలో, ఐ.ఎస్. 710 ప్రమాణం గల మెరైన్ ప్లైవుడ్డో వాడతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.