పట్టు మెరుపు వెనక లెక్క: రెండు శతాబ్దాల సింహావలోకనం

పోచంపల్లి పట్టుచీరను ఎండలో మడత విప్పి కాస్త అటూ ఇటూ వాల్చి చూడండి. నేయకముందే పోగులకు కట్లు కట్టి అద్దిన రంగు ఉన్నచోటే ఉంటుంది. మెరుపు మాత్రం చూపు మారేకొద్దీ జరుగుతుంది. ఈ మెరుపును కంప్యూటర్ తెరపై నమ్మదగ్గట్టు చూపడానికి రెండు శతాబ్దాల కాంతిశాస్త్రం కావాలి.

1808లో పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త మాలూస్, లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాలపై పడ్డ సాయంత్రపు ఎండను కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే కనిపించిన రెండు ప్రతిబింబాల్లో ఒకటి వెలుగుతుంటే మరొకటి మసకబారింది. అలా బయటపడిన గుణమే ధ్రువణం. అది తరంగం కంపించే దిశేనని 1820లలో ఫ్రెనెల్ తేల్చి, ఏ కోణంలో ఎంత వెలుగు ప్రతిఫలిస్తుందో సూత్రాలు రాశాడు. 1852లో స్టోక్స్ ఏ ధ్రువణ స్థితినైనా నాలుగు సంఖ్యల్లో ఇమిడ్చాడు.

ఈ చరిత్రలో మన పేరూ ఉంది. 1931లో సి.వి. రామన్‌తో కలిసి సూరి భగవంతం, చెదిరిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి కాంతి కణమైన ఫోటానుకు స్పిన్ అనే గుణం ఉందనడానికి ప్రయోగ సాక్ష్యం చూపారు. తర్వాతి కాలంలో భగవంతం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు.

కంప్యూటర్ గ్రాఫిక్స్ ఈ వారసత్వంలో సగమే అందుకుంది. ఉపరితలంపై మెరుపును లెక్కగట్టే 1981 నాటి కుక్-టోరెన్స్ నమూనా ఫ్రెనెల్ సూత్రాలను వాడినా, రెండు కంపన దిశల సగటుతో సరిపెట్టింది. మన కంటికి ధ్రువణం దాదాపు తెలియదు కనుక, వెలుగు ఒక్కసారి ప్రతిఫలిస్తే తప్పు కనబడదు. వరసగా రెండు మూడు ఉపరితలాలను తాకివస్తే ప్రకాశం లెక్కే తప్పుతుంది. 1990లో వోల్ఫ్, కర్లాండర్ కిరణంతో పాటే దాని ధ్రువణాన్నీ లెక్కగట్టే రే ట్రేసింగ్‌ను ప్రతిపాదించారు. అయితే లెక్క బరువెక్కడంతో చాలాకాలం పరిశోధకులే వాడారు. 2019లో పరిచయమైన మిట్సుబా 2 అనే చిత్రణ సాఫ్ట్‌వేర్ ఆ సదుపాయాన్ని అందరికీ తెరిచింది.

పోచంపల్లికి ఇందులో ఏముంది? దీపానికి ఒక ధ్రువణ ఫిల్టరు, కెమెరాకు దానికి అడ్డంగా మరొకటి పెడితే పైమెరుపు చాలావరకు ఆగిపోయి రంగు తేటగా దొరుకుతుంది. కెమెరా ఫిల్టరును తొంభై డిగ్రీలు తిప్పితే మెరుపు తిరిగొస్తుంది. రెండు ఫొటోల తేడాలో మెరుపు విడిగా చిక్కుతుంది. పట్టుపోగు తనంతట తానే ధ్రువణాన్ని మారుస్తుంది కనుక పడుగు వైపు, పేక వైపు వేర్వేరుగా కొలవాలి.

చేనేత నమూనాలను డిజిటల్‌గా భద్రపరిచే సంస్థలకు ఒక విన్నపం: ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. రంగునూ మెరుపునూ విడివిడిగా నమోదు చేయండి. అప్పుడే రేపటి తెరమీద చీర చీరలా కనిపిస్తుంది.