కంబళి మీద తొమ్మిది చోట్లు: మదురై, కోయంబత్తూరు తెలుగువారి సభలూ ఒక అంతరిక్ష కథలోని సభా

జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ సృష్టించిన ‘బాబిలాన్ 5’ 1993లో ఒక తొలి చిత్రంతో మొదలైంది. 1994 నుంచి 1998 దాకా 110 భాగాలుగా అమెరికన్ టెలివిజన్‌లో నడిచింది. అందులో మిన్‌బారీ అనే జాతిని ఏలేది గ్రే కౌన్సిల్. దానిలో సభ్యులు తొమ్మిది మంది: మతవర్గం నుంచి ముగ్గురు, యోధవర్గం నుంచి ముగ్గురు, శ్రామికవర్గం నుంచి ముగ్గురు. ఒక యుద్ధనౌకలోని చీకటి గదిలో, బూడిదరంగు ముసుగులు వేసుకుని, ఒక్కొక్కరూ ఒక్కో వెలుగుచుట్టులో నిలబడి మాట్లాడతారు. ఈ సభను వెయ్యేళ్ల కిందట నెలకొల్పినవాడు వాలెన్. అతడు మిన్‌బారీల కడుపున పుట్టినవాడు కాడు, బయటినుంచి వచ్చినవాడు.

ఈ సభను తమిళనాట తెలుగువారి పాత సభల పక్కన పెట్టి చూడాలనిపించడానికి మొదటి కారణం తొమ్మిది అనే అంకె. అంకెలు కలవడం వట్టి కాకతాళీయమే. స్ట్రజిన్‌స్కీకి ఉడుమలపేట, పళని చుట్టుపక్కల పల్లెల సంగతి తెలిసి ఉండే అవకాశం లేదు. అయితే ఆ అంకె రెండు చోట్లా చేసిన పని ఒకటే. సభలో ఎవరు కూర్చోవాలన్నది మారినా, ఎన్ని చోట్లన్నది మారలేదు. పేర్లు మారుతున్నా అంకె నిలబడడమే ఆ సభకు అధికారం ఇచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల గ్రంథంలో కంబళత్తార్ల ప్రస్తావన ఉంది. తొట్టియ నాయకర్లనీ, రాజకంబళం వారనీ, కంబళత్తు నాయకర్లనీ పిలిచే ఈ తెలుగువారు మదురై, దిండిగల్, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతాల్లో శతాబ్దాలుగా ఉన్నారు. జక్కమ్మ వారి ఇలవేలుపు. దేవదుందుభి మోతకు ఆడే దేవరాట్టం వారిది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడానికి మాత్రం తమిళమే. సభ జరిగేటప్పుడు నేల మీద ఒక కంబళి పరిచేవారట. దాని మీద నీళ్లు నింపిన కలశం పెట్టేవారట. ‘తొమ్మిది కంబళాల’ నుంచీ ఒక్కొక్క ప్రతినిధి అక్కడ ఉండాలన్నది నియమం.

ఆ తొమ్మిది ఎవరెవరు? థర్‌స్టన్ చెప్పిన వరుసలో తొట్టియర్, కాప్పిలియర్, అనుప్పర్, కురుబ, కుమ్మర, పరివారం, ఉరుమిక్కారర్, మంగల, చక్కిలియర్ ఉన్నారు. వెంటనే మరోమాట కూడా రాశాడు. మంగల కంబళం అనేది లేదని కొందరంటారట, ఆ చోటు దాసరిదని వారి వాదం. నా దృష్టిలో ఆ పుటలో అన్నిటికన్నా విలువైనది ఈ చిన్న తేడాయే. మంగలా దాసరా అన్నది తేలలేదు. అయినా దాసరిని చేర్చి పది అన్నవారు లేరు, మంగలను తీసేసి ఎనిమిదితో సరిపెట్టుకున్నవారూ లేరు. ఒకరు లేస్తేనే ఇంకొకరికి చోటు.

జాబితాను ఇంకొంచెం దగ్గరగా చూడండి. కాప్పిలియర్, అనుప్పర్, కురుబలు కన్నడం మాట్లాడేవారు. తొట్టియర్లకూ చక్కిలియర్లకూ తెలుగు. కాబట్టి ఇది ఒక కులం సభా కాదు, ఒక భాష సభా కాదు. పశువులు కాసేవాడు, కుండలు చేసేవాడు, క్షౌరం చేసేవాడు, ఉరుమి వాయించేవాడు, తోలుపని చేసేవాడు, పాళెగాడి ఇంటి కొలువులో ఉండే పరివారం, వీరందరికీ ముందు కత్తిపట్టిన నాయకుడు. ఒక పాళయం దండు ఊరు వదిలి కదిలితే వెంట ఎవరెవరు నడుస్తారో ఆ మనుషుల వరుస ఇది. తొట్టియర్ల వలస గాథలోనూ ఈ కదలికే ఉంది. ఉత్తరం నుంచి శత్రువు తరుముతుంటే ఏరు అడ్డం వచ్చిందట. అప్పుడు రెండు కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయట. కానుగ వారికి పూజ్యం కావడానికి చెప్పే కారణం ఇదే. గాథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. కానీ దారిలో పుట్టిన సభకు కట్టడం ఉండదనీ, చుట్టి భుజాన వేసుకోగల కంబళే దానికి సభామంటపమనీ అనుకుంటే ఆ కంబళి అర్థమవుతుంది.

పాత గ్రంథాలు చదివేవారు ఒక జాగ్రత్త పాటించాలి. తొమ్మిది మందీ వచ్చారని, ఫలానా రోజున ఫలానా తగవు తీర్చారని థర్‌స్టన్ చెప్పలేదు. వచ్చి ఉండాలన్న నియమం మాత్రమే చెప్పాడు. నియమం చెప్పేవాడు పెద్ద నాయకుడి ఇంట్లోవాడా, ఉరుమి వాయించేవాడా అన్నదానిని బట్టి దాని రంగు మారుతుంది. కంబళి మీద అందరికీ చోటు ఉందంటే అందరి మాటకూ ఒకే తూకం ఉందని కాదు. గ్రే కౌన్సిల్‌లో కూడా కాగితం మీద మూడు వర్గాలదీ సమాన వాటా. కథ సగం గడిచినా శ్రామికవర్గం వారి గొంతు మనకు దాదాపు వినపడదు. మతవర్గమూ యోధవర్గమూ వాదించుకుంటుంటే మూడో వర్గం ముసుగుల కింద ఉండిపోతుంది.

ఇక మదురై వైపు చూస్తే తొమ్మిది కాస్తా డెబ్బై రెండు అవుతుంది. 1529లో మదురై పాలన చేపట్టాడని చెప్పే విశ్వనాథ నాయకుడూ, అతని దళవాయి అరియనాథ మొదలియారూ దేశాన్ని 72 పాళయాలుగా పంచి, మదురై కోటలోని 72 బురుజులను ఒక్కొక్క పాళెగాడికి ఒక్కొక్కటి చొప్పున అప్పగించారని కైఫీయతులూ వంశచరిత్రలూ చెబుతాయి. 1924లో మదురై నాయకుల చరిత్ర రాసిన ఆర్. సత్యనాథ అయ్యర్ నుంచి ఇప్పటి పాఠ్యపుస్తకాల దాకా ఈ మాట వస్తూనే ఉంది. చిక్కల్లా జాబితాల దగ్గరే. వేర్వేరు జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోలవు. ఒకదానిలో ఉన్న పాళయం మరోదానిలో ఉండదు. తెలుగు నాయకులతో పాటు మరవ పాళయాలూ, కొంగునాట గౌండర్ల పాళయాలూ అందులో ఉన్నాయి. పాళయాలు పుట్టాయి, చీలాయి, పోయాయి. అంకె మాత్రం డెబ్బై రెండు దగ్గరే ఆగింది.

ఆ అంకెను అరియనాథుడు కనిపెట్టలేదు. కాకతీయుల శాసనాల్లో బాహత్తర నియోగాధిపతి అనే పదవి ఉంది. డెబ్బై రెండు నియోగాల మీద పెద్ద అని దాని భావం. గణపతిదేవుని కాలపు గంగయ సాహిణికి ఆ బిరుదు ఉంది. ఓరుగల్లులో నిండు రాచరికం అంటే డెబ్బై రెండు శాఖలు. మదురైలో నిండు రాచరికం అంటే డెబ్బై రెండు బురుజులు. తెలుగు రాజ్యభావన దక్షిణాదికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లిన సామానులో ఈ అంకె కూడా ఉందని అనుకోవడానికి ఆధారం ఉంది.   

బురుజులకు జరిగినది మాత్రం చెప్పాలి. 1840లలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ మదురై కోటగోడలను కూల్పించి కందకం పూడ్పించాడు. పెరుమాళ్ మేస్త్రి వీధి, మారెట్ వీధి అలా వచ్చినవే. అప్పటికే 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్నను కయత్తారులో ఉరితీశారు. 1801 నాటికి పాళెగాళ్ల యుద్ధాలు ముగిశాయి. 1803 శాశ్వత బందోబస్తుతో మిగిలిన పాళయాలు జమీందారీలయ్యాయి. లెక్క చూసుకోవడానికి బురుజుల వరుస మిగలని కాలంలోనే ‘డెబ్బై రెండు పాళయాలు’ అన్నమాట జనం నోట మరింత గట్టిపడింది.

ఇదంతా సంఖ్యల సంగతి. మదురై తెలుగువారు ఒక సభను మాటల్లో కూడా కట్టుకున్నారు. అదే ‘రాయవాచకం’. మధుర విశ్వనాథ నాయని స్థానాపతి, అంటే రాయబారి, విజయనగరం నుంచి తన ప్రభువుకు పంపిన నివేదికలాగా నడిచే తెలుగు వచన గ్రంథం ఇది. కృష్ణదేవరాయల కొలువు, అప్పాజీ మంత్రాంగం, శత్రురాజుల దర్బారుల నుంచి వేగులు తెచ్చే కబుర్లు ఇందులో కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఈ గ్రంథాన్ని 1993లో ‘టైడింగ్స్ ఆఫ్ ది కింగ్’ పేరుతో ఆంగ్లంలోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్, ఇది రాయల కాలపుది కాదనీ, పదహారో శతాబ్దం చివర్లోనో పదిహేడో శతాబ్దం మొదట్లోనో మదురై నాయకుల కొలువులో పుట్టిందనీ నిరూపించాడు. కాలం పొరపాట్లు కథలోనే ఉన్నాయి. 1509లో పట్టానికి వచ్చిన రాయలకు ఎదురుగా గోల్కొండ అప్పటికే స్వతంత్ర సుల్తానత్తులా నిలబడి ఉంటుంది.  

రాయవాచకాన్ని కల్పన అనగానే పక్కన పెట్టేయాలనిపించవచ్చు. అది తొందరపాటు. తల్లికోట యుద్ధం 1565లో జరిగింది. ఆ తర్వాత విజయనగరం పేరుకే మిగిలింది. మదురై నాయకుడికి తన పదవి ఎవరిచ్చారో చెప్పుకోవడానికి ఇప్పుడు పైన సరైన కొలువు లేదు. అందుకని లేని కొలువును ఉన్నట్టు రాయించుకున్నాడు. రాజు అడుగుతాడు, మంత్రులు లెక్కలు చెబుతారు, వేగులు వస్తారు, నిర్ణయం జరుగుతుంది. ఇవన్నీ మన స్థానాపతి చూశాడట, మనకు రాశాడట. మదురై అధికారానికి ఆ కొలువు పత్రం లాంటిది. మిన్‌బారీలు ప్రతి తగవులోనూ వాలెన్ పేరు ఎత్తినట్టు, మదురై కొలువు కృష్ణరాయల పేరు ఎత్తుకుంది. ఇంకో పోలిక యాదృచ్ఛికంగానే దొరుకుతుంది. ‘బాబిలాన్ 5’లో డెలెన్ మిన్‌బారీల రాయబారి. తాను గ్రే కౌన్సిల్ సభ్యురాలినన్న సంగతి ఆమె చాలాకాలం దాచిపెడుతుంది. మనం ఆ సభను ప్రధానంగా ఆమె వెంటే చూస్తాం. స్థానాపతి కళ్లతో కొలువును చూపే పద్ధతి మదురైలో నాలుగు వందల ఏళ్ల కిందటే ఉంది.

కథలో కాక నిజంగా కూడిన సభ కూడా ఒకటి ఉంది. అది ఆంగ్లేయులను ఎదిరించడానికి విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడి చుట్టూ ఏర్పడిన దిండిగల్ కూటమి. అందులో తెలుగు పాళెగాళ్లూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. మదురై సీమనూ కోయంబత్తూరునూ ఒకే పథకంలోకి తెచ్చింది ఆ కూటమే. 1800 జూన్‌లో కోయంబత్తూరు కోట మీద తలపెట్టిన దాడి విఫలమైంది. 1801లో గోపాల నాయకుణ్ణి ఉరితీశారు. కె. రాజయ్యన్ 1971లో ఈ తిరుగుబాటును వివరంగా రాసేదాకా పండితులు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈ కూటమికి తొమ్మిది, డెబ్బై రెండు లాంటి అంకె లేదు. వచ్చినవారే సభ. బహుశా అందుకే జనం జ్ఞాపకంలో గోపాల నాయకుడు నిలిచాడు గానీ ఆయన సభ నిలవలేదు.

గ్రే కౌన్సిల్ కథ ఎటు పోయిందో చూస్తే కంబళి సభ గురించి ఒక ప్రశ్న వేసుకోవలసి వస్తుంది. డెలెన్‌ను సభ నుంచి తొలగించి ఆ చోట యోధవర్గం వాడైన నెరూన్‌ను పెట్టడంతో యోధులు నలుగురయ్యారు, మతవర్గం ఇద్దరికి తగ్గింది. 1996లో వచ్చిన భాగంలో డెలెన్ సభాదండాన్ని విరిచి ఆ సభనే రద్దు చేసింది. 1997 భాగంలో తిరిగి కట్టినప్పుడు శ్రామికవర్గానికి ఐదు, మిగతా రెంటికీ రెండేసి ఇచ్చింది. అప్పుడు కూడా మొత్తం తొమ్మిదే. విప్లవం చేసినామె సైతం అంకెను ముట్టుకోలేదు, చోట్లను మార్చింది.

మన కంబళి మీద చోట్లు అలా ఎప్పుడైనా మారాయా అన్నదే ఆ ప్రశ్న. తొమ్మిది కంబళాల్లో చివరి చోటు చక్కిలియర్లది. నేడు అరుంధతియార్లుగా గుర్తింపు పొందిన వారు కోయంబత్తూరు జిల్లాలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. తమిళనాడు ప్రభుత్వం 2009లో షెడ్యూల్డ్ కులాల కోటాలో వారికి 3 శాతం ప్రత్యేక వాటా ఇచ్చింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. శతాబ్దాల కిందట కంబళి మీద పేరుకు దొరికిన చోటుకూ, ఈనాడు చట్టం చూపిన చోటుకూ మధ్య ఎంత దూరమో ఇంకా కొలవవలసే ఉంది. దక్షిణాంధ్ర సాహిత్యం మీద మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. అవి ఎక్కువగా రాజుల కొలువుల చుట్టూనే తిరిగాయి.

ఇకమీదట ఉడుమలపేట, పళని, దిండిగల్, తేని వైపు క్షేత్రపరిశోధనకు వెళ్లే తెలుగు విద్యార్థులు ‘ఆ తొమ్మిదీ ఎవరెవరు?’ అన్న ప్రశ్నను ఊరి పెద్ద నాయకుణ్ణి అడగడానికి ముందు ఉరుమి వాయించేవారినీ అరుంధతియార్లనూ అడగాలి. వారు చెప్పిన పేర్లను వారి తెలుగులోనే, చెప్పిన వరుసలోనే, థర్‌స్టన్ జాబితాతో సరిదిద్దకుండా రాసుకోవాలి.