అపలాచియన్ ఎర్ర ఓక్ అడవులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, నార్త్ కరోలినా, టెనెసీ రాష్ట్రాల సరిహద్దు వెంబడి సాగే దక్షిణ అపలాచియన్ పర్వతాల నడిమి వాలులపై, సముద్రమట్టానికి సుమారు 1,100 నుంచి 1,600 మీటర్ల ఎత్తులో, ఉత్తర ఎర్ర ఓక్ ప్రధాన వృక్షంగా పెరిగే ఆకురాల్చే అడవులను ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఈ వృక్షం శాస్త్రనామం క్వెర్కస్ రూబ్రా.

స్వరూపం

ఈ అడవులకు దిగువన, తేమ నిలిచే లోయలలో అనేక జాతుల చెట్లు కలిసి పెరుగుతాయి. ఎగువన బీచ్, పసుపు బర్చ్, వాటికి పైన సూదుల వంటి ఆకులు గల స్ప్రూస్, ఫర్ వృక్షాలు ఉంటాయి. ఈ రెండింటి మధ్య, గాలికి తెరిచి ఉండే గట్ల మీద, ఎర్ర ఓక్ చెట్లు పొట్టిగా, కొమ్మలు వంకరలు తిరిగి, పండ్లతోటలోని చెట్ల మాదిరిగా విడివిడిగా నిలుస్తాయి. ఎర్ర ఓక్ కాయ పక్వానికి రావడానికి రెండు వేసవులు పడుతుంది. రాలిన కాయ శీతకాలమంతా నిద్రాణస్థితిలో ఉండి వసంతంలో మొలకెత్తుతుంది కనుక ఉడుతలు, నీలి జే పక్షులు దానిని నేలలో పాతి దాచుకుంటాయి, అవి తిరిగి తీసుకోని కాయలలో కొన్ని మొక్కలవుతాయి. నల్ల ఎలుగుబంట్లు శీతనిద్రకు ముందు ఒంట్లో కొవ్వు పెంచుకోవడానికి ఈ కాయలపై ఎంతగానో ఆధారపడతాయి, అయితే కాపు ఏటా ఒకే విధంగా ఉండదు.

తొలి చరిత్ర

చివరి మంచుయుగం ముగిసిన తరువాత వాతావరణం వేడెక్కగా చలిని కోరే స్ప్రూస్, ఫర్ శిఖరాలకు పరిమితమై, వాలులను ఓక్ జాతులు ఆక్రమించాయి. ఆ తరువాతి కాలంలో చెరోకీ ప్రజలు ఈ పర్వతాలలో వేటాడి, కాయలు ఏరుకొని, అప్పుడప్పుడు అడుగు పొదలకు నిప్పు పెట్టి జీవించారు. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఎర్ర ఓక్‌కు శాస్త్రనామం పెట్టాడు. ప్రకృతి పరిశోధకుడు విలియం బార్‌ట్రమ్ 1775లో చెరోకీ దేశంలో పర్యటించగా, ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ఆంద్రే మిషో 1801లో అమెరికా ఓక్‌లపై ప్రత్యేక గ్రంథాన్ని వెలువరించాడు.

చెస్ట్‌నట్ తెగులు

నేడు కనిపించే ఎర్ర ఓక్ ఆధిక్యానికి ముఖ్య కారణం మరొక వృక్షం దాదాపుగా అంతరించడం. 20వ శతాబ్ది ఆరంభం వరకు ఈ వాలులలో అమెరికన్ చెస్ట్‌నట్ ఎర్ర ఓక్‌తో సమంగా, అనేకచోట్ల అంతకు మించి పెరిగేది. ఏటా నమ్మకంగా కాసే దాని కాయలు వన్యమృగాలకూ, కొండ ప్రజల పశువులకూ, వారి సంతలకూ ఆధారంగా ఉండేవి. 1904లో న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో అటవీ అధికారి హెర్మన్ మెర్కెల్ ఎండిపోతున్న చెస్ట్‌నట్ చెట్లను గమనించగా, 1906లో విలియం మరిల్ దానికి కారణమైన శిలీంధ్రాన్ని వర్ణించాడు. ఆసియా నుంచి వచ్చిన ఈ శిలీంధ్రం బెరడు కింది పొరను చంపి పైభాగానికి పోషణను నిలిపివేస్తుంది కాని వేరును చంపదు, అందుచేత మోళ్ల నుంచి పిలకలు పుట్టి, కొంత ఎదిగాక మళ్లీ ఎండిపోతాయి. తెగులు 1920లలో దక్షిణ పర్వతాలను చేరి, 1940ల నాటికి పెద్ద చెట్లను దాదాపు తుడిచిపెట్టింది.

అధ్యయనాలు

వృక్ష పరిశోధకుడు రాబర్ట్ విటేకర్ ఈ ప్రాంతంలోని గ్రేట్ స్మోకీ పర్వతాల వృక్షసంపదపై 1956లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన, ఎత్తు, తేమ క్రమంగా మారేకొద్దీ ఒక్కొక్క జాతి తన హద్దుల మేరకు విడిగా వ్యాపిస్తుందనీ, అడవులు గిరిగీసిన సముదాయాలు కావనీ నిరూపించింది. చెస్ట్‌నట్ అప్పటికే చనిపోయినా, ఆయన ఈ అడవిని ఎర్ర ఓక్-చెస్ట్‌నట్ అడవిగానే పేర్కొన్నాడు. ఫ్రాంక్ వుడ్స్, రాయల్ షాంక్స్ 1959లో, చెస్ట్‌నట్ పోయి ఖాళీ అయిన చోటును ప్రధానంగా చెస్ట్‌నట్ ఓక్ అనే మరో ఓక్ జాతి, ఎర్ర ఓక్, ఎర్ర మేపుల్ ఆక్రమించినట్లు నిశితంగా నమోదు చేశారు.

ప్రస్తుత స్థితి

1934లో ఏర్పడిన గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ ఉద్యానం ఈ అడవులలో కొంత భాగాన్ని గొడ్డలి నుంచి కాపాడింది. అయితే మంటలను పూర్తిగా అరికట్టే విధానం వలన అడుగున నీడ చిక్కబడి, ఓక్ మొలకల స్థానంలో నీడను ఓర్చుకొనే ఎర్ర మేపుల్, రోడోడెండ్రాన్ పొదలు పెరగసాగాయి. అందువలన అటవీ శాఖలు ప్రస్తుతం నియంత్రిత మంటలను తిరిగి ప్రవేశపెట్టడంతో పాటు, కొన్నిచోట్ల పైచెట్లను పలచన చేసి ఓక్ మొలకలకు వెలుతురు అందిస్తున్నాయి.